గుట్టుగా గుగ్గులు మింగకండి

మోకాళ్ల నొప్పికి యోగరాజ గుగ్గులు. పొట్ట తగ్గడానికి మేదోహర గుగ్గులు. థైరాయిడ్‌కు కాంచనార గుగ్గులు. యూరిక్ యాసిడ్‌కు కైశోర గుగ్గులు. ఈ పేర్లు ఈమధ్య వైద్యుల నోట కంటే పక్కింటివాళ్ల నోట, ఫోన్లో వచ్చే వీడియోల్లో ఎక్కువగా వినిపిస్తున్నాయి. మందుల చీటీ అక్కర్లేదు, రక్తపరీక్ష అక్కర్లేదు, వెళ్లి అడిగితే డబ్బా చేతిలో పెడతారు. వాడేవాళ్ల ధీమా కూడా దాదాపు ఒకటే: "ఆయుర్వేదం కదండీ, పని చేస్తే చేస్తుంది, లేకపోతే లేదు. చెడు మాత్రం చేయదు."

గుగ్గులు పని చేస్తుంది. కాలేయాన్ని, రక్తాన్ని, మనం వేసుకునే మిగతా మందులను కదిలించే శక్తి దానికి ఉంది. ఆ శక్తి ఉంది కాబట్టే చెడూ చేయగలదు. ఈ హెచ్చరిక ఆయుర్వేదం మీద కాదు. వైద్యుడితో నిమిత్తం లేకుండా, మామూలుగా చూసే డాక్టరుకు చెప్పకుండా, నెలల తరబడి గుట్టుగా సాగే వాడకం మీద.

కారణాలు తర్వాత చెప్పుకుందాం, ముందు అసలు సంగతి. గర్భిణులు, గర్భం కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, పాలిచ్చే తల్లులు గుగ్గులు మందుల జోలికి సొంతంగా వెళ్లకూడదు. రక్తం పలచబడటానికి మాత్రలు వాడేవాళ్లు, గుండె జబ్బుకో బీపీకో కొలెస్ట్రాల్‌కో థైరాయిడ్‌కో మందులు వాడేవాళ్లు, కిడ్నీ లేదా కాలేయం మార్పిడి జరిగినవాళ్లు, కామెర్లు వచ్చి తగ్గినవాళ్లు, త్వరలో ఆపరేషన్ ఉన్నవాళ్లు ఇప్పటికే గుగ్గులు వేసుకుంటుంటే ఆ మాట ఈరోజే డాక్టరు చెవిన వేయాలి. ఈలోగా ఇంగ్లీషు మాత్రలు ఆపకండి. భయపడి అవి మానేయడం గుగ్గులు కంటే పెద్ద ప్రమాదం.

గుగ్గులు అనేది ఒక ముళ్ల పొద కారే బంక. రాజస్థాన్, గుజరాత్ ఎండు నేలల్లో, అటు సింధు ప్రాంతంలో పెరిగే మొక్క అది. శాస్త్రీయ నామం కమిఫోరా విటై. చలికాలం వెళ్లి ఎండలు ముదిరే రోజుల్లో కాండానికి గాటు పెడితే పసుపుపచ్చటి జిగురు ఊరి, గాలికి గట్టిపడి ఎర్రటి గోధుమరంగు ముద్ద అవుతుంది. పచ్చి సరుకు చేత్తో పట్టుకుని చూస్తే సంగతి అర్థమవుతుంది. వేళ్లకు అంటుకుంటుంది, ఘాటైన వాసన, నోట్లో పెడితే చేదు. ముద్దలో బెరడు తునకలు, ఇసుక, చిన్న రాళ్లు, ఒక్కోసారి చీమలు కూడా ఉంటాయి. అందుకే ఆయుర్వేదంలో దాన్ని నేరుగా వాడరు. గుడ్డలో మూట కట్టి, కాగుతున్న త్రిఫల కషాయంలోనో తిప్పతీగ కషాయంలోనో గోమూత్రంలోనో వేలాడదీస్తారు. బంక కరిగి కిందికి దిగుతుంది, చెత్త గుడ్డలో మిగులుతుంది. ఆ ద్రవాన్ని మళ్లీ చిక్కబరిచి, నెయ్యి రాసి దంచి, అప్పుడు మిగతా మూలికల చూర్ణం కలుపుతారు. దీన్ని శోధన అంటారు. శుద్ధి చేయని గుగ్గులు కడుపులో మంట, విరేచనాలు, ఒంటిమీద దద్దుర్లు తెస్తుందని తెలిసే పూర్వులు ఇంత తతంగం పెట్టారు.

భావప్రకాశం ఇంకో అడుగు ముందుకు వేసి, గుగ్గులులో అయిదు రకాలు చెప్పి, రెండు ఏనుగులకు, రెండు గుర్రాలకు, ఒక్క హిరణ్యమే మనుషులకు అని విభజించింది. కొందరు మహిషాక్షం కూడా మనుషులకు పనికొస్తుందన్నారని అక్కడే రాసింది. కొత్త గుగ్గులు ఒళ్లు పెంచుతుందని, పాతబడిన గుగ్గులు ఒంటిని గీకి చిక్కిపోయేలా చేస్తుందని కూడా తేడా చూపింది. గుగ్గులు తినేవాడు పులుపు, కారం, మద్యం, ఎండ, అతిశ్రమ, కోపం మానాలట. కోపం మానమన్న మాట చదివి నవ్వుకోవచ్చు గానీ, దాని వెనక ఉన్న జాగ్రత్త చూడండి. ఇన్ని ఆంక్షలు పెట్టిన పెద్దల మందును మనం "సైడ్ ఎఫెక్టులు సున్నా" అన్న స్టిక్కర్ అంటించి అమ్ముతున్నాం, కొంటున్నాం.

ఈ బంక మీద ఆధునిక పరిశోధన మొదలుపెట్టింది కూడా మనవాళ్లే. 1966లో జి.వి. సత్యవతి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో తన పరిశోధనకు సుశ్రుత సంహితలోని మేదోరోగ వర్ణనను ఆధారం చేసుకున్నారు. కొవ్వు పేరుకుని, దారులు మూసుకుపోయి, జబ్బులు రావడం గురించి పాత గ్రంథం చెప్పిన మాటకు, ఈనాటి రక్తనాళాల జబ్బుకు పోలిక కనబడింది. కుందేళ్లకు కొవ్వు తినిపించి, గుగ్గులు ఇచ్చి చూశారు. ఆమే తర్వాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి తొలి మహిళా డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ బాటలోనే లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ గుగ్గులిపిడ్ అనే సారం తయారు చేసింది. 1987లో అది కొలెస్ట్రాల్ మందుగా మన మార్కెట్లోకి వచ్చింది. 1994లో అచ్చయిన ఒక భారతీయ అధ్యయనంలో 61 మంది రోగులకు 24 వారాలు ఇస్తే చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, పన్నెండు శాతం మించి తగ్గింది. గర్వపడాల్సిన కథే.

కానీ కథ అక్కడ ఆగలేదు, వీడియోలు మాత్రం అక్కడే ఆపేస్తాయి. 2003లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఫిలడెల్ఫియా పరిశోధకుల ఫలితం వచ్చింది. కొలెస్ట్రాల్ ఎక్కువున్న 103 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు ఉత్తుత్తి మాత్ర, ఒక గుంపుకు రోజుకు మూడుసార్లు వెయ్యి మిల్లీగ్రాముల గుగ్గులిపిడ్, ఇంకో గుంపుకు దానికి రెట్టింపు ఎనిమిది వారాలు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు ఎల్‌డీఎల్ అయిదు శాతం తగ్గింది. గుగ్గులు వేసుకున్నవాళ్లకు నాలుగైదు శాతం పెరిగింది. వాళ్లలో ఆరుగురికి ఒంటిమీద అలర్జీ దద్దుర్లు లేచాయి. 2009లో నార్వేలో జరిగిన చిన్న అధ్యయనంలోనూ ఎల్‌డీఎల్‌లో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. తిండి వేరు, మనుషులు వేరు, మందు సారం వేరు అని వాదించవచ్చు. ఆ వాదనలో పస లేకపోలేదు. అయితే ఇంత సందిగ్ధంగా ఉన్న మందును నమ్ముకుని, స్టెంట్ వేయించుకున్న మనిషి కొలెస్ట్రాల్ మాత్ర పక్కన పెట్టేస్తే? గుండెపోటు ఒకసారి వచ్చినవాళ్లకు ఆ మాత్ర మళ్లీ పోటు రాకుండా కాపాడుతుందని వేలమంది మీద జరిగిన పరీక్షల్లో రుజువైంది. గుగ్గులుకు అలాంటి రుజువు ఒక్కటీ లేదు.

ఇక ఎక్కువమందికి తెలియని సంగతి. అరవై దాటిన ఒక పెద్దాయన మంచం పక్కన మందుల డబ్బా ఊహించుకోండి. పొద్దున బీపీ మాత్ర, గుండె దడకు ఇంకోటి, రాత్రికి అటోర్వాస్టాటిన్, మధ్యలో ఆస్పిరిన్. వాటి పక్కన, డాక్టరుకు చూపించే సంచిలోకి ఎప్పుడూ ఎక్కని గుగ్గులు సీసా. "అది మందు కాదుగా, ఆయుర్వేదం" అని ఆయన నమ్మకం. ఈ సీసా మిగతా మాత్రలతో చేసే పని ఏమిటో చూద్దాం.

మనం మింగిన మందుల్ని విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైములు కాలేయంలో ఉంటాయి. వాటిలో పెద్దది సీవైపీ 3ఏ4. మార్కెట్లో ఉన్న మందుల్లో చాలా భాగం దాని చేతుల మీదుగానే వెళ్తాయి. గుగ్గులులోని గుగ్గుల్‌స్టెరోన్ అనే పదార్థం ఈ ఎంజైమును ఎక్కువగా తయారు చేయమని కాలేయానికి సంకేతం ఇస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. ఎంజైము పెరిగితే మందు త్వరగా కరిగిపోతుంది. మీరు మాత్ర వేసుకున్నారు, నిజమే. రక్తంలో ఉండాల్సినంత మాత్రం ఉండదు. 1994లో మన దేశంలోనే ఆరోగ్యవంతులైన వాలంటీర్ల మీద చేసిన పరీక్షలో, ఒక్క మోతాదు గుగ్గులిపిడ్‌తో కలిపి ఇచ్చినప్పుడు ప్రొప్రనోలాల్, డిల్టియాజెమ్ అనే రెండు గుండె మందులూ రక్తంలో బాగా తగ్గిపోయాయి. రెండూ బీపీకి, గుండె నొప్పికి వాడేవే. బీపీ ఎందుకు అదుపు తప్పిందో డాక్టరుకు అంతుపట్టదు. ఆయన మోతాదు పెంచుతాడు. నెల తర్వాత రోగి గుగ్గులు మానేస్తాడు. పెంచిన మోతాదు అలాగే ఉంటుంది, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, స్నానాల గదిలో కళ్లు తిరిగి తుంటి విరుగుతుంది. ఈ వరసలో ఏ మెట్టు దగ్గరా గుగ్గులు పేరు వినబడదు.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వేసుకునే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ కూడా ఈ ఎంజైము దారిలోనే పోతాయి. అవి రక్తంలో కాస్త తగ్గినా ఒళ్లు కొత్త కిడ్నీని తిరస్కరించే ప్రమాదం ఉంది. గర్భనిరోధక మాత్రలూ ఇదే దారి. ఈ రెండు గుంపులవాళ్లకు గుగ్గులు వద్దు అని ఒక్క ముక్కలో చెప్పాలి. చర్చ అనవసరం.

థైరాయిడ్ సంగతి మరీ గందరగోళం. గుగ్గుల్‌స్టెరోన్ ఎలుకల్లో థైరాయిడ్ గ్రంథిని చురుకు చేసిందని 1980లలో మన శాస్త్రవేత్తలు చూపించారు. ఎలుకల్లో కనబడింది కాబట్టి మనుషుల్లో థైరాయిడ్ జబ్బు తగ్గిపోతుందని కాంచనార గుగ్గులు అమ్మకాలకు అదే ఆధారమైపోయింది. థైరాయిడ్ పూర్తిగా తీసేసినవాళ్లకు, గ్రంథి ఎండిపోయినవాళ్లకు ఏ మూలికా హార్మోన్ పుట్టించలేదు. థైరాక్సిన్ మాత్ర మానేసి కాంచనార మీద ఆధారపడితే ఒళ్లు బరువు, నీరసం, గుండె మందగించడం, చివరికి స్పృహ తప్పడం దాకా పోవచ్చు. గర్భం దాల్చిన తొలి మూడు నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు కావాల్సిన హార్మోన్ తల్లి నుంచే వెళ్లాలి. ఆ సమయంలో తల్లి థైరాక్సిన్ మానడం బిడ్డకు చేసే అన్యాయం. నెలసరి సరిగా రాని పీసీఓడీ సమస్య ఉన్న అమ్మాయిలకు కూడా ఈ గోలీలు అంటగట్టడం ఇప్పుడు పెద్ద వ్యాపారం. నెలసరి రప్పించే గుణం గుగ్గులుకు ఉందని ఆయుర్వేదమే చెప్తుంది, గర్భిణులకు వద్దనీ అదే చెప్తుంది. నెల తప్పడం పీసీఓడీ వల్లే అనుకుని గుగ్గులు వేసుకుంటూ పోయిన అమ్మాయికి అది గర్భం అయి ఉండొచ్చు. ముందు పరీక్ష చేసుకోవాలి. ఈ చిన్న మాట ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు.

రక్తంలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోవడాన్ని గుగ్గులు తగ్గిస్తుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వాడేవాళ్లకు ఇది రెండో పోటు. ఆపరేషన్‌కు, పన్ను పీకించుకోవడానికి కూడా కనీసం రెండు వారాల ముందు ఆపాలి. మత్తు ఇచ్చే డాక్టరు "ఏమైనా మందులు వాడుతున్నారా" అని అడిగినప్పుడు దీని పేరు చెప్పాలి.

అరుదుగానైనా పెద్ద దెబ్బలూ ఉన్నాయి. ఇటలీలో కొలెస్ట్రాల్ కోసం గుగ్గులు సారం వాడిన ఒకరికి కండరాలు కరిగి మూత్రంలోకి వచ్చిన సంగతి 2004లో వైద్య పత్రికకెక్కింది. అదే దేశంలో గుగ్గులు, ఎర్ర బియ్యపు సారం కలిసిన ఉత్పత్తి వాడిన ఒకరికి కాలేయం వాచింది. అక్కడ రెండూ కలిసి ఉన్నాయి కాబట్టి తప్పు దేనిదో తేల్చి చెప్పలేం. మన దగ్గర కూడా గుగ్గులు చాలావరకు ఒంటరిగా ఉండదు. కైశోర గుగ్గులులో తిప్పతీగ ఉంటుంది, విరేచనకారి దంతి ఉంటుంది. తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న సంగతి 2020 చివరి నెలల్లో ముంబై వైద్యుల దృష్టికి వచ్చింది. ఆ తర్వాత దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది వివరాలు ప్రచురితమయ్యాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో ఏకీభవించలేదు. ఆ వాదులాట అలా ఉంచితే, మూత్రం ముదురు పసుపుగా వస్తున్నా, కళ్లు పచ్చబడుతున్నా, ఒళ్లంతా దురద పెడుతున్నా ముందు డబ్బా మూత పెట్టి కాలేయ పరీక్ష చేయించుకోవాలన్న దానిలో ఎవరికీ భేదాభిప్రాయం ఉండదు.

ఇప్పుడు అసలైన ప్రమాదం దగ్గరికి వద్దాం. యోగరాజ గుగ్గులు, మహాయోగరాజ గుగ్గులు. చదవడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, పేరులో తేడా రెండక్షరాలు. దుకాణదారు "మహా అయితే ఇంకా బాగా పని చేస్తుంది" అని ఇచ్చేస్తాడు. మొదటిది మూలికలు. రెండో దానిలో మూలికలతోపాటు వంగ భస్మం, రజత భస్మం, నాగ భస్మం, లోహ భస్మం, అభ్రక భస్మం, మండూరం, రససిందూరం ఉంటాయి. అంటే తగరం, వెండి, సీసం, ఇనుము, అభ్రకం, ఇనుప చిట్టెం, పాదరసం. భూతద్దం పెట్టి లేబుల్ వెనక వైపు చదవండి. "నాగ" అని కనబడితే అది సీసం.

బాగా పుటాలు పెట్టి చేసిన భస్మం విషం కాదని సంప్రదాయ వైద్యుల వాదన. శాస్త్రోక్తంగా చేసిందా లేదా అన్నది కొనేవాడికి తెలిసే దారి లేదు. శాస్త్రం చెప్పిన మోతాదు, శాస్త్రం చెప్పిన గడువు దాటి ఏడాది పొడవునా మింగితే ఏమవుతుందో మాత్రం రక్తపరీక్షలు చెప్తున్నాయి. అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికిందని 2004లో తేలింది. 2008లో ఇంటర్నెట్‌లో కొన్న 193 మందుల మీద చేసిన పరీక్షలో దాదాపు అయిదోవంతు అలాంటివే. భస్మాలు కలిపే రసశాస్త్ర పద్ధతి మందుల్లో ఆ పాలు ఇంకా ఎక్కువ. 2011, 2012 సంవత్సరాల్లో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో కనబడింది. కారణం వెతికితే భారత్ నుంచి వచ్చిన ఆయుర్వేద మందులు తేలాయి. సూట్‌కేసులో ఆవకాయ జాడీ పక్కన గుగ్గులు సీసాలు సర్దుకుని వెళ్లే మన పిల్లలు, కూతురు పురిటికి వెళ్తూ మందులు మోసుకెళ్లే అమ్మలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

సీసం చాప కింద నీరులా పాకుతుంది. కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, రక్తం తగ్గి పాలిపోవడం, నీరసం, తలనొప్పి, చిగుళ్ల అంచున నీలిగీత, ముదిరితే చేయి వేలాడిపోవడం. కీళ్ల నొప్పులు కూడా దాని లక్షణాల్లో ఒకటి. కీళ్ల నొప్పి తగ్గలేదని అదే మందు ఇంకో డబ్బా తెచ్చుకునేవాడు సీసాన్ని సీసంతో తరుముతున్నట్టే. సీసానికి సురక్షితమైన స్థాయంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. డెసిలీటరు రక్తంలో అయిదు మైక్రోగ్రాములు దాటితే కారణం వెతికి ఆపాలంటోంది. ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి నిలవుంటుంది, గర్భం వచ్చినప్పుడు మళ్లీ రక్తంలోకి వచ్చి మాయ దాటి బిడ్డను చేరుతుంది. పిల్లల తెలివితేటల మీద అది కొట్టే దెబ్బ తిరిగి బాగుపడేది కాదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే భస్మాలున్న డబ్బా అందనంత ఎత్తులో కూడా ఉంచవద్దు. వైద్యుడు రాయని పక్షంలో అసలు ఇంట్లోనే ఉంచవద్దు.

మరో తంటా దుకాణంలో. పూజసామాన్ల కొట్టులో మైసాక్షి, గుగ్గిలం, సాంబ్రాణి పక్కపక్కనే రాశులు పోసి ఉంటాయి. తెలుగునాట గుగ్గిలం అంటే ఎక్కువచోట్ల సాల వృక్షపు బంక. శేషాచలం కొండల్లో తంబజాలారి చెట్టు బంకనూ ధూపానికి వాడతారు. మన అడవుల్లోని అందుగు చెట్టు బంక ఇంకోటి. ఇవేవీ మందు గుగ్గులు కావు. మైసాక్షి పేరుతో వచ్చేది కూడా ధూపం కోసం తెచ్చిన సరుకు, తినడానికి శుద్ధి చేసింది కాదు. "పూజ కొట్టులో చవగ్గా దొరుకుతుంది, నేతిలో వేయించి పొడి చేసుకోండి" అని ఎవరు చెప్పినా వినకండి. ఇందులో రంగు, రాయి, ఏ చెట్టు బంకో తెలియని కల్తీ తప్ప ఇంకేమీ గ్యారంటీ లేదు.

కల్తీ ఎందుకు పెరిగిందంటే చెట్టు కరువైంది. బంక ఎక్కువ రావాలని రసాయనాలు పూసి లోతుగా గాట్లు పెడితే పొద ఆ ఏడాదే చస్తుంది. 2015లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని అంతరించిపోయే అంచున ఉన్న మొక్కల జాబితాలో చేర్చింది. చెట్టు తగ్గుతుంటే డబ్బాలు పెరుగుతున్నాయి. ఆ లెక్క ఎలా కుదురుతుందో అమ్మేవాళ్లను అడగాలి.

చట్టం ఏం చేస్తోందని అడగడం న్యాయం. ఆయుర్వేద మందు తయారీకి లైసెన్సు కావాలి. అమ్మడానికి మాత్రం ప్రత్యేక లైసెన్సు అక్కర్లేదు. పాదరసం వంటివి కలిసిన మందుల మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలని నిబంధన ఉంది. ఆ హెచ్చరిక ఇంగ్లీషులో, హిందీలో ఉంటే చాలట. కాకినాడలోనో ఖమ్మంలోనో తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దావిడకు ఆ అక్షరాలు దేనికి పనికొస్తాయి? మూలికా మందులు విదేశాలకు పంపాలంటే లోహాల పరీక్ష 2006 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. బయటి దేశాలవాళ్ల ఒళ్లు ముందు, మన ఒళ్లు తర్వాత అన్న వరస అది. మధుమేహం, స్థూలకాయం, గాయిటర్, గుండెజబ్బు నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి ఔషధ, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం వచ్చి డెబ్బై ఏళ్లు దాటింది. ఫోన్ తెరిస్తే ఆ నేరం గంటకో వీడియోగా జరుగుతూనే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు, ఆయుష్ శాఖలు భస్మాలున్న గుగ్గులు మందులను అర్హుడైన వైద్యుడి చీటీ మీదే అమ్మేలా చేయాలి, హెచ్చరిక తెలుగులో ముద్రించేలా చూడాలి, దుకాణాల నుంచి నమూనాలు తీసి ఫలితాలు బయటపెట్టాలి. ఇందులో కొత్త కనిపెట్టుడు ఏమీ లేదు.

బీఏఎంఎస్ వైద్యులకు ఒక విన్నపం. గుగ్గులు రాసేటప్పుడు రోగి వాడుతున్న ఇంగ్లీషు మందుల చీటీ అడిగి చూడండి, ఎన్నాళ్లు వాడాలో రాసివ్వండి. అల్లోపతి డాక్టర్లకు ఇంకో విన్నపం. "ఆయుర్వేదం వాడుతున్నావా" అని గద్దించినట్టు అడిగితే రోగి లేదనే చెప్తాడు. ఆ గద్దింపే ఈ గుట్టుకు సగం కారణం.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు చేయాల్సింది ఇదీ. డాక్టరుకు చూపించేదాకా డబ్బా పారేయకండి. లేబుల్ ముందూ వెనకా ఫోటో తీసుకోండి. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, ఏ ద్రవ్యం ఎంత ఉందో కనబడకపోతే ఆ మందు నోట్లో పెట్టకండి. నాగ, వంగ, రస, హింగుళ, సిందూర అన్న మాటలు ఉంటే, వైద్యుడు రాసింది కాకపోతే ఈరోజే ఆపండి. నెలల తరబడి వాడి ఉంటే రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి, గర్భిణులు ఆలస్యం చేయకూడదు. భస్మాలు లేని గుగ్గులే అయినా మీ డాక్టరును కలిసేటప్పుడు డబ్బా చేతికిచ్చి, ఎన్ని, ఎప్పటి నుంచి అన్నది చెప్పండి. దాన్ని ఆపితే బీపీ, థైరాయిడ్ మందుల మోతాదు మళ్లీ చూసుకోవాల్సి రావచ్చు, కాబట్టి ఆపిన రెండు మూడు వారాలకు పరీక్షలు మళ్లీ చేయించండి. దద్దుర్లు, కామెర్లు, కండరాల నొప్పితోపాటు మూత్రం టీ డికాషన్ రంగులో రావడం, ఆగని రక్తస్రావం, వీటిలో ఏది కనబడినా ఆసుపత్రికి వెళ్లండి. అక్కడి నుంచి వచ్చాక మందు దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ ఉచిత నంబరు 1800-180-3024కు ఫోన్ చేసి చెప్పండి. ఆయుర్వేద మందుల కోసం ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ ఆధ్వర్యంలో ఆయుష్ సురక్ష అనే వ్యవస్థ ఉంది. మీకు దగ్గరలోని ఆయుర్వేద కళాశాలలో దాని ఫారం అడగండి, బ్యాచ్ నంబరుతో సహా నింపి ఇవ్వండి.